ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్: తెలుగు చదివే తీరు, తెలుగు వెబ్‌సైట్లు చదివించుకునే తీరు

ముప్పై రెండేళ్ళు జూనియర్ కళాశాలలో తెలుగు పాఠం చెప్పి పదవీ విరమణ చేశాను. నీటికాసుల జబ్బు వల్ల చూపు ఏటికేడు తరుగుతూ వచ్చి నాలుగేళ్ళ కిందట పూర్తిగా పోయింది. అప్పటినుంచి దినపత్రిక, బ్యాంకు ఖాతా, పింఛను వివరాలు, మిత్రుల ఉత్తరాలు, మనసు పుట్టినప్పుడు ఒక ప్రబంధం, ఇవన్నీ నాకు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ద్వారానే అందుతున్నాయి. ఒక వస్తువును నాలుగేళ్ళపాటు రోజుకు ఆరేడు గంటలు వాడినవాడికి దాని గుణదోషాలు చెప్పే అర్హత ఉంటుందనుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. అయితే ముందే ఒక మాట చెప్పుకోవాలి. స్క్రీన్ రీడర్ గురించి రాయడమంటే సగం అది చదివే వెబ్‌సైట్ల గురించి రాయడమే. చదివేవాడి కంఠం ఎంత బాగున్నా, చేతికిచ్చిన రాతప్రతి తప్పులతడక అయితే అతడు మాత్రం ఏం చేయగలడు?

ఎన్‌వీడీఏ పూర్తి పేరు నాన్ విజువల్ డెస్క్‌టాప్ యాక్సెస్. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ దీన్ని 2006లో మొదలుపెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ టే చిన్ననాడు అంధ బాలల సంగీత శిబిరంలో ఆయనకు పరిచయమైన స్నేహితుడు. ఇద్దరూ చూపు లేనివారే. కంప్యూటర్ కొన్న ఖర్చుకు దీటుగా స్క్రీన్ రీడర్ కొనడానికీ ఖర్చు పెట్టవలసిన రోజుల్లో, చూపున్నవాడికి ఉచితంగా కనిపించే తెరను చూపు లేనివాడు డబ్బు పోసి ఎందుకు కొనుక్కోవాలన్నది వారి వాదం. 2007లో ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టి, నేటికీ ఈ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగానే ఇస్తున్నారు. దింపుకునేటప్పుడు విరాళం అడుగుతారు. ఇవ్వకపోయినా ఏ సౌకర్యమూ తగ్గదు. మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంది. విండోస్ మీద మాత్రమే పనిచేస్తుంది.

ఎన్‌వీడీఏను కంప్యూటర్‌లో ఎక్కించుకోవడానికి చూపున్నవారి సాయం అక్కరలేదు, ఎందుకంటే ఎక్కించే దశలోనే అది మాట్లాడడం మొదలుపెడుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి పెట్టుకుని ఎవరి కంప్యూటర్‌లోనైనా నడుపుకోవచ్చు. గ్రంథాలయానికో బంధువుల ఇంటికో వెళ్ళినప్పుడు నేను చేసేది అదే. కంట్రోల్, ఆల్ట్, ఎన్ మీటలు కలిపి నొక్కితే నిద్ర లేస్తుంది, కంట్రోల్ మీట నొక్కితే నోరు మూసుకుంటుంది. ఈ రెండూ తెలిస్తే మొదటి రోజు గడుస్తుంది. ఆ తరువాత నేర్చుకోవలసినవి చాలా ఉన్నాయి. వెబ్‌పేజీలో హెచ్ నొక్కితే తరువాతి శీర్షికకు, కె నొక్కితే లంకెకు, బి నొక్కితే బటన్‌కు, ఎఫ్ నొక్కితే నింపవలసిన గడికి, టి నొక్కితే పట్టికకు దూకుతుంది. ఇన్‌సర్ట్ మీటతో ఎఫ్7 నొక్కితే పేజీలోని శీర్షికలూ లంకెలూ అన్నీ ఒక జాబితాగా చేతికొస్తాయి. చూపున్నవారు పేజీ మీద కళ్ళు పరుగెత్తించి ఏది ఎక్కడుందో పసిగట్టే పనిని మేము ఈ మీటలతో చేస్తాము. అరవై దాటిన వయసులో ఇవి నా వేళ్ళకు పట్టడానికి మూడు నెలలు పట్టింది. ఇన్‌సర్ట్‌తో 1 నొక్కితే ఏ మీట ఏం చేస్తుందో చెప్పే అభ్యాస స్థితి వస్తుంది. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పకపోవడం వల్ల నెల రోజులు వృథా అయ్యాయి. కొత్తగా మొదలుపెట్టేవారు దానితోనే మొదలుపెట్టాలి.

ఇక గొంతు సంగతి. ఎన్‌వీడీఏతో పాటు ఈస్పీక్ ఎన్‌జీ అనే ఉచ్చారణ యంత్రం వస్తుంది, అందులో తెలుగు ఉంది. వందకు పైగా భాషలను కొద్ది మెగాబైట్లలో ఇమిడ్చిన పొదుపరి యంత్రమది. మనిషి గొంతును రికార్డు చేసి ముక్కలు అతికించడం కాక, ధ్వనిని నియమాలతో పుట్టిస్తుంది కాబట్టే అంత చిన్నదిగా ఉండగలిగింది. ఆ పొదుపుకు మూల్యం చెవి చెల్లిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు రేకు డబ్బాలో ఎవరో తెలుగు వాచకం చదువుతున్నట్టనిపించి, పాఠశాల పరీక్షాధికారిలా తప్పులు పట్టడానికి కూర్చున్నాను. మా ఇంట్లోవాళ్ళు తలుపు వేసుకోమన్నారు. కాని నెల గడిచేసరికి ఆ గొంతులోని గొప్పతనం తెలిసింది. వేగం పెంచినకొద్దీ మనిషిని పోలిన కృత్రిమ గొంతులు మాటలను మింగేస్తాయి. ఈ రేకు గొంతు మాత్రం ఎంత వేగంలోనైనా అక్షరం పోనివ్వదు. నేనిప్పుడు వినే వేగంలో ఒక సంపాదకీయం రెండు నిమిషాల్లో పూర్తవుతుంది. మా మనవరాలు పక్కన కూర్చుని విని, అది తెలుగేనా తాతయ్యా అని అడుగుతుంది.

ఉచ్చారణలో లోపాలు లేకపోలేదు, కాని వాటిలో కొన్నింటికి తప్పు యంత్రానిది కాదు. మనం చలి అన్నప్పటి చకారం వేరు, చిలుక అన్నప్పటి చకారం వేరు. జల్లెడలోని జకారం వేరు, జింకలోని జకారం వేరు. మేక అన్న మాటలో ఏత్వం నోటిలో ఒకలా, కాగితం మీద మరొకలా ఉంటుంది. ఈ తేడాలను మన లిపి వాడుకలో చూపించదు కాబట్టి యంత్రం అన్నింటినీ ఒకే అచ్చులో పోస్తుంది. పరభాష వాడు పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగులా వినిపించేది ఇందువల్లనే. సందర్భాన్ని బట్టి అలవాటు పడిపోవచ్చు. నాకు ఇప్పటికీ కష్టం కలిగించేది వాక్యపు నడక: పొడవైన వాక్యం మధ్యలో కామా లేకపోతే ఊపిరి తీసుకోకుండా లాగుతుంది, దాంతో అసమాపక క్రియల గొలుసు ఎక్కడ తెగి ఎక్కడ మొదలైందో తెలియదు. విరామ చిహ్నాలు మన భాషకు అవసరం లేదని తరగతిలో వాదించిన నేను ఇప్పుడు ప్రతి కామాకూ రుణపడి ఉన్నాను.

తెలుగు వెబ్‌సైట్లు తయారుచేసేవారు ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవగలిగితే ఇక్కడినుంచి చదవాలని నా మనవి. ప్రతి వెబ్‌పేజీ మొదటి వరుసలో ఆ పేజీ ఏ భాషలో ఉందో చెప్పే ల్యాంగ్ అనే గుర్తు ఒకటి ఉండాలి. తెలుగుకు అది టి, ఇ అనే రెండు అక్షరాలు. చూపున్న పాఠకుడికి ఆ గుర్తు ఉన్నా లేకున్నా తెర మీద తేడా కనిపించదు. నాకు మాత్రం పేజీ ఎలా వినిపిస్తుందన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎన్‌వీడీఏలో భాషను బట్టి గొంతు దానంతటదే మారే ఏర్పాటు ఉంది, ఆ ఏర్పాటు నమ్మేది అక్షరాలను కాదు, ఆ గుర్తును. తెలుగు సైట్లలో చాలా వాటికి డిజైన్ మూస బయటినుంచి తెచ్చుకున్నది కావడం వల్ల, అందులో ఇంగ్లీషు అని ఉన్న గుర్తు అలాగే మిగిలిపోతుంది. పైన ఇంగ్లీషు అని బోర్డు, లోపల నిండా తెలుగు. బోర్డు చూసి యంత్రం ఇంగ్లీషు గొంతు ఎత్తుకుంటుంది, ఎదురుగా తెలుగు అక్షరాలు కనిపించేసరికి, ఎంచుకున్న గొంతును బట్టి, ఒకచోట మూగబోతుంది, మరొకచోట అక్షరాల పేర్లు వల్లిస్తుంది. మొదటి ఆరు నెలలు నేను దీన్ని ఎన్‌వీడీఏ లోపమనుకుని, తెలుగు దానికి సరిగా రాదని పదిమందికి చెప్పాను కూడా. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పాఠకుడి వైపునుంచి దీనికొక చిట్కా ఉంది. గొంతును తెలుగుకు పెట్టుకుని, భాష దానంతటదే మారే ఏర్పాటును తీసివేస్తే, ఈస్పీక్ తెలుగు లిపిని తెలుగుగానూ, రోమన్ లిపిలోని మాటలను ఇంగ్లీషుగానూ పలుకుతుంది. నేను అలాగే వాడుతున్నాను. మెనూలను మాత్రం ఇంగ్లీషులోనే ఉంచుకున్నాను, ఎందుకంటే సందేహం వచ్చినప్పుడు దొరికే సలహాలన్నీ ఆ పేర్లతోనే ఉంటాయి. అయితే ఇది పాఠకుడు వేసుకున్న మాసిక. సైటు చేసేవాడు రెండక్షరాలు సరిగా రాస్తే ఈ మాసిక అక్కరలేదు. పేజీకి భాష గుర్తు ఉండాలన్నది అంతర్జాతీయ వెబ్ అందుబాటు మార్గదర్శకాలలో, అంటే వాడుకలో డబ్ల్యూసీఏజీ అని పిలిచే వాటిలో, అందరూ పాటించవలసిన కనీస స్థాయి నియమం. 2008 నాటి రెండో ప్రతిలోనే అది ఉంది.

ఆ గుర్తు సరిగా ఉంటే ఎలా ఉంటుందో తెలియాలంటే తెలుగు వికీపీడియా తెరిచి చూడవచ్చు. పేజీ తెలుగని చెబుతుంది, విభాగాలు అంచెలంచెలుగా శీర్షికలతో ఉంటాయి, హెచ్ మీట పట్టుకుని పెద్ద వ్యాసంలోనూ కావలసిన చోటికి నాలుగు అడుగుల్లో చేరవచ్చు. అక్కడ నాకొక వినోదం కూడా ఉంది. అదే వ్యాసం ఉన్న ఇతర భాషల జాబితాలో ప్రతి భాష పేరుకూ దాని గుర్తు విడిగా ఉంటుంది. భాష మారే ఏర్పాటును తిరిగి పెట్టి ఆ జాబితా మీద బాణం మీట నొక్కుతూ పోతే, ఒకే రేకు గొంతు తమిళంలో, కన్నడంలో, జర్మన్‌లో, రష్యన్‌లో వరుసగా తన పేరు చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. పని లేని మధ్యాహ్నాల్లో నేను ఈ పని చేస్తాను.

శీర్షికల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ స్క్రీన్ రీడర్ వాడేవారిని అడిగి 2024లో ప్రకటించిన ఫలితాల్లో, పెద్ద పేజీలో సమాచారం వెతకడానికి శీర్షికల మీద నడుస్తామన్నవారు 71.6 శాతం. తెలుగు వార్తల సైట్లలో నాకు ఎక్కువగా ఎదురయ్యేది శీర్షికలా కనిపించే శీర్షిక కాని అక్షరం. పెద్ద అక్షరాలు, ఎర్ర రంగు అద్ది ఊరుకుంటారు. అది శీర్షిక అని కోడ్‌లో చెప్పరు. అప్పుడు హెచ్ నొక్కితే శీర్షికలు లేవంటుంది, నేను ప్రకటనలూ లంకెలూ దాటుకుంటూ బాణం మీటతో వార్త దగ్గరికి నడవాలి. ఒక వార్తకు ముందు నలభై ఏడు లంకెలు లెక్కపెట్టిన రోజుంది. లంకెల పేర్లు కూడా ఇంకా చదవండి, ఇంకా చదవండి, ఇంకా చదవండి అని వరుసగా ఉంటే, జాబితా తెప్పించుకున్నా ఏ లంకె ఏ వార్తదో తెలియదు. బటన్ల సంగతి ఇంతకన్నా అన్యాయం. భూతద్దం బొమ్మ, మూడు గీతల బొమ్మ, సంచి బొమ్మ గీసి వాటికి పేరు పెట్టకపోతే నాకు వినిపించేది బటన్, బటన్, బటన్ అనే. ఒక దుకాణం సైటులో ఆ మూడో బటన్‌లో నా కొనుగోళ్ళ సంచి ఉందని తెలుసుకోవడానికి మొదటి రెండూ నొక్కి చూడవలసి వచ్చింది, ఆ రెండోది నన్ను ఖాతానుంచి బయటికి పంపించింది.

తెలుగుకు ప్రత్యేకమైన మరొక కష్టం అక్షరాలను బొమ్మలుగా పెట్టడం. పండుగ శుభాకాంక్ష బొమ్మగా ఉంటే ఉండనీ. సభా ఆహ్వానాలు, ప్రభుత్వ ప్రకటనలు, సంతాప సందేశాలు, పత్రికా కత్తిరింపులు, ఒక్కొక్కసారి కవితలు కూడా బొమ్మలుగానే వస్తాయి. ఎన్‌వీడీఏ అక్కడ ఆగి, గ్రాఫిక్ అని చెప్పి, ఫోను పెట్టిన అంకెల వరుసను ఫైలు పేరుగా చదివి ముందుకు పోతుంది. దీనికన్నా విచిత్రమైనవి పాత ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ రాకముందు డీటీపీ కోసం తయారైన అను వంటి ఫాంట్లలో తెలుగు అక్షరం ఆకారం మాత్రమే తెలుగు. కంప్యూటర్ లోపల అది ఇంగ్లీషు అక్షరమో చిహ్నమో. ముద్రణకు అది చాలు. కాని అదే ఫైలును పీడీఎఫ్ చేసి వెబ్‌సైటులో పెడితే, కంటికి చక్కని తెలుగు, చెవికి ప్రశ్నార్థకాలూ డాలర్ గుర్తులూ కలిసిన పిచ్చి కూతలు. ఒక కార్యాలయం సైటులో నా పింఛనుకు సంబంధించిన ఉత్తర్వు ఆ రూపంలో దొరికింది. ఫోన్ చేసి నాకు చదవడం రావడం లేదని చెప్పాను. అవతలి ఉద్యోగి మర్యాదగానే, పీడీఎఫ్ బాగానే తెరుచుకుంటోంది సార్, మీ కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ వేయించుకోండి అన్నారు. ఆయనకు తెలిసిన తెలుగు తెర మీద ఉంది, నాకు కావలసిన తెలుగు ఫైలు లోపల లేదు. ఈ తేడాను ఫోనులో వివరించలేక చివరికి మా అబ్బాయి చేత చదివించుకున్నాను. ఇలాంటి చోట ఎన్‌వీడీఏను తప్పుపట్టడానికి లేదు. లోపల ఉన్నదాన్ని అది నిజాయితీగానే చదివింది.

అనేక ప్రభుత్వ వెబ్‌సైట్లలో పైభాగాన స్క్రీన్ రీడర్ యాక్సెస్ అనే లంకె ఒకటి ఉంటుంది. పేరు చూసి ఆశపడి లోపలికి వెళితే స్క్రీన్ రీడర్ల పట్టిక కనిపిస్తుంది: ఏది ఎక్కడ దొరుకుతుంది, ఏది ఉచితం, ఏది కొనాలి. ఆ పేజీ చదవగలిగానంటే నా దగ్గర స్క్రీన్ రీడర్ ఉన్నట్టే కదా. 2017లో తయారీ నిలిచిపోయిన విండో ఐస్ పేరు కూడా ఆ పట్టికల్లో తగులుతూ ఉంటుంది. అక్షరాలు పెంచే తగ్గించే, ఇంగ్లీషు ‘ఎ’ అక్షరం ఉన్న మూడు బటన్లు ఆ పక్కనే ఉంటాయి, ఆ పని బ్రౌజర్ ఎప్పటినుంచో చేస్తూనే ఉంది. ఇక ప్రైవేటు సైట్లలో కొత్తగా వస్తున్నది చక్రాల కుర్చీ బొమ్మతో తేలుతూ ఉండే బటన్. ఒక వరుస కోడ్ అతికిస్తే సైటంతా దానంతటదే అందుబాటులోకి వస్తుందని అమ్మే సరుకు అది. నా అనుభవంలో ఆ బటన్ నాకు, ఎన్‌వీడీఏకు మధ్య దూరి, నేను వాడే మీటలను తన వాటిగా చేసుకుని, ఉన్న దారిని కూడా మూసింది. అటువంటి సరుకు అమ్మే యాక్సెసిబీ అనే సంస్థ తన ఉత్పత్తి గురించి వినియోగదారులను తప్పుదారి పట్టించిందన్న ఆరోపణపై 10 లక్షల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో ప్రకటించింది.

మన దేశంలో చట్టం లేక కాదు ఈ పరిస్థితి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటుంది. 2017 నియమావళిలోని 15వ నియమం ప్రమాణాలను పేర్కొంది, కాని రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఆ నియమం సలహాలుగా మిగిలిపోయిందని, చట్టం కోరేది తప్పనిసరి ప్రమాణాలనని చెప్పి దాన్ని తోసిపుచ్చి, మూడు నెలల్లో కొత్తవి చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్, అమర్ జైన్ వేసిన పిటిషన్లలో అదే న్యాయస్థానం డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని ప్రకటించి, ఖాతాదారు ఎవరో ధ్రువీకరించుకునే కేవైసీ పద్ధతులను సరిచేయడానికి ఇరవై ఆదేశాలిచ్చింది. ప్రజ్ఞా ప్రసూన్ యాసిడ్ దాడికి గురైన మహిళ. ఖాతా తెరవడానికి కెమెరా ముందు కనురెప్ప ఆర్పమన్నారు, ఆమె ఆర్పలేరు. అమర్ జైన్ చూపు లేని న్యాయవాది.

ఆ తీర్పు వార్తను ఎన్‌వీడీఏ నాకు చదివి వినిపించిన వారంలోనే నా ఖాతా వివరాలు తిరిగి ధ్రువీకరించమని ఒక బ్యాంకునుంచి సందేశం వచ్చింది. లంకె నొక్కాను. ముఖాన్ని వృత్తంలో నిలపమని తెర మీద రాసి ఉందట, ఆ వాక్యం బొమ్మలో ఉండడం వల్ల నాకు వినిపించలేదు. వృత్తం ఎక్కడుందో, నా తల ఏ పక్కకు ఒరిగిందో చెప్పే నాథుడు లేడు. తెర మీద కనిపించే నాలుగంకెలు పైకి చదవమన్నారు. అంతలో గడువు ముగిసిందన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. మూడుసార్లు ప్రయత్నించి, ఆటో మాట్లాడుకుని శాఖకు వెళ్ళాను. అక్కడ పది నిమిషాల్లో పని అయింది. చెప్పవలసిన మాటను అక్షరాల్లో పెట్టి, గడువు పెంచుకునే అవకాశం ఇస్తే ఆ పది నిమిషాలూ ఇంట్లోనే సరిపోయేవి.

ఈ లోపాలు తెలుగువారివే అనుకోనక్కరలేదు. వెబ్‌ఎయిమ్ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది, 2025లో 94.8 శాతం పేజీల్లో పట్టుబడే లోపాలున్నాయి. 55.5 శాతం పేజీల్లో వివరణ లేని బొమ్మలు, 15.8 శాతం పేజీల్లో అసలు భాష గుర్తే లేదు. అన్నిటికన్నా ఎక్కువగా, 79.1 శాతం పేజీల్లో కనిపించిన లోపం పాలిపోయిన అక్షరాలది. అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కు 1 ఉండాలన్నది నియమం. చూపు సగం పోయి సగం మిగిలిన రోజుల్లో తెల్ల కాగితం మీద బూడిద రంగు అక్షరాలను భూతద్దంతో వెతుక్కున్న నాకు ఆ అంకె విలువ బాగా తెలుసు. అప్పట్లో నాకు చూపు తగ్గుతోందా, వాళ్ళ సిరా పలచబడుతోందా అనేది తేలేది కాదు.

చూపున్నవారికి ఎన్‌వీడీఏ ఎందుకు అని అడిగేవారుంటారు. నా పాత విద్యార్థి ఒకతను విజయవాడలో వెబ్‌సైట్లు చేసి పెడుతుంటాడు. ఒక సాహిత్య పత్రికకు సైటు చేశాను, చూడండి మాస్టారూ అని ఫోన్ చేసి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. చూడనక్కరలేదు నాయనా, నువ్వే వచ్చి విను అన్నాను. ఆదివారం వచ్చాడు. ఎన్‌వీడీఏలో తెరను నల్లగా చేసే ఏర్పాటు ఉంది. అది పెట్టి, మౌస్ పక్కన పెట్టించి, తన సైటులో ఒక కథ తెరవమన్నాను. ఇరవై నిమిషాలు తంటాలు పడి, కథ బదులు చందా పేజీలో తేలాడు. అతడు తెలివైన కుర్రాడు, కోపం తెచ్చుకోకుండా కాగితం తీసుకున్నాడు. భాష గుర్తు మార్చడం ఒక నిమిషం పని. శీర్షికలను శీర్షికలుగా చేయడం ఆ మూసలో ఒక్కచోట మారిస్తే సరిపోయింది. చందా పత్రంలో పేరు, ఊరు, ఫోన్ అన్న మాటలు గడుల పైన కనిపిస్తున్నాయి కాని గడులకు ముడిపడి లేవు, వాటిని ముడివేశాడు. పేజీ మొదట్లో నేరుగా కథకు దూకే లంకె ఒకటి పెట్టాడు. సాయంత్రం కాఫీ వేళకు ఇవన్నీ అయిపోయాయి.

బొమ్మలకు వివరణ రాయడం దగ్గర మాత్రం ఆలస్యమైంది, అది కోడ్ పని కాదు, రచన పని. ఒక రచయిత ఫోటోకు అతడు మొదట ఫోటో అని రాశాడు. గ్రాఫిక్ ఫోటో అని వినిపించింది. తరువాత చొక్కా రంగునుంచి గోడ గడియారం దాకా అయిదు వాక్యాలు రాశాడు. కథ పక్కన ఆ ఫోటో ఎందుకు పెట్టావని అడిగితే, ఆయన తన ఊరి చెరువు గట్టు మీద కూర్చుని ఉన్నారు మాస్టారూ, కథ ఆ చెరువు గురించే అన్నాడు. అదే రాయమన్నాను. పేజీ అందానికి వేసిన తీగలకూ పువ్వులకూ వివరణ ఖాళీగా వదిలేయమన్నాను. అలా వదిలితే ఎన్‌వీడీఏ వాటిని పలకరించకుండా దాటిపోతుంది. అతడిప్పుడు ప్రతి సైటునూ అప్పగించే ముందు ఎన్‌వీడీఏతో ఒకసారి విని చూస్తాడు. పైసా ఖర్చు లేని పరీక్ష కాబట్టి సైటు చేయించుకునేవారికి చెప్పుకోవలసిన పనీ లేదు.

ఎన్‌వీడీఏలో నాకు నచ్చనివి కొన్ని ఉన్నాయి. ఏడాదికి కొన్ని కొత్త ప్రతులు వస్తాయి, అందులో ఏడాది మొదటిది వచ్చినప్పుడల్లా అదనంగా తగిలించుకున్న యాడాన్లలో కొన్ని పనిచేయడం మానేస్తాయి. వాటిని రాసినవారు సరిచేసేదాకా ఎదురుచూడాలి. బరువైన పేజీల్లో ఒక్కొక్కసారి మాట మధ్యలో బిగుసుకుపోతుంది. వెబ్‌పేజీని అది విరిచి చదివే వరుసకు వంద అక్షరాలన్నది ముందే పెట్టిన లెక్క. మన గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యం కన్నా ముందే విరిగిపోతుంది. సెట్టింగుల్లో ఆ అంకె పెంచుకోవాలి. డబ్బు పోసి కొనే జాస్ అనే స్క్రీన్ రీడర్ నా మిత్రుడి దగ్గర ఉంది. ఆఫీసు పనుల్లో దాని పదును వేరన్న మాట నిజం, కాని తెలుగు వెబ్‌పేజీలు చదువుకునేవాడికి ఆ ఖర్చు అవసరమని నాకు అనిపించలేదు. విండోస్‌లోనే ఉండే న్యారేటర్ అనే స్క్రీన్ రీడర్‌ను ఎన్‌వీడీఏ మొరాయించిన రోజున మాత్రమే పిలుస్తాను. ఫోనులోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ పలికే తెలుగు ఈస్పీక్ కన్నా ఎంతో మృదువుగా ఉంటుంది. నవలలకు అది, పనికి ఇది అని పంచుకున్నాను. 2025.1 ప్రతినుంచి దూరంగా ఉన్న మరొకరి కంప్యూటర్‌ను నడిపే సౌకర్యం ఎన్‌వీడీఏలోనే చేరింది. దానివల్ల విజయవాడ కుర్రాడు మా ఊరు రాకుండానే నా చిక్కులు తీరుస్తున్నాడు.

అతడికీ నాకూ ఇంకా తేలని పని ఒకటుంది. పత్రికలో పాత పద్యాల విభాగం పెట్టారు. పద్యంలో పాదం ముగిసేచోట మాట ముగియదు. యతికీ గణానికీ లోబడి సగం మాట ఈ పాదంలో, సగం మాట తరువాతి పాదంలో ఉంటుంది. పుస్తకంలో కన్ను ఆ విరుపును దాటి మాటను కలుపుకుంటుంది. ఎన్‌వీడీఏ ప్రతి వరుస చివరా ఆగుతుంది కాబట్టి మాట రెండుగా తెగి, అర్థం లేని రెండు ముక్కలుగా నా చెవిన పడుతుంది. పాదాలన్నీ కలిపి ఒకే వరుసగా రాసేయమంటారా మాస్టారూ అని అడిగాడు. వద్దన్నాను, పద్యం పద్యంలా కనిపించడం చూపున్న పాఠకుడి హక్కు. రెండు వారాలు ఆలోచించి, తరగతి గదిలో నేను నల్లబల్ల మీద చేసిన పనినే చేయమన్నాను. ఇప్పుడు ప్రతి పద్యం కిందా పదవిభాగం అనే శీర్షిక ఉంటుంది, దాని కింద సంధులు విడదీసి మాటలు వరుసగా ఉంటాయి. హెచ్ నొక్కితే నేను నేరుగా అక్కడికి దిగుతాను. ఆ శీర్షిక పిల్లలకు పరీక్షలకు పనికొస్తోందని ఇద్దరు తెలుగు ఉపాధ్యాయులు పత్రికకు ఉత్తరాలు రాశారట. పదవిభాగాలు చేసి ఇచ్చేది నేనే. నలభై పద్యాలు అయ్యాయి, విభాగంలో ఇంకా నూట ఇరవై ఉన్నాయి.